హెల్ప్‌లైన్‌లో పని చేసేవాళ్ళ ఇంట్లోనే చావు జరిగితే: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో, బాధలో ఉన్నవాళ్ళు, చనిపోవాలనిపించేవాళ్ళు ఫోన్ చేసే హెల్ప్‌లైన్లలో, కౌన్సెలింగ్ సెంటర్లలో తెలుగు కాల్స్ తీసుకునేవాళ్ళం కొద్దిమందిమే. ఎవరింట్లో ఏం జరిగినా నాలుగు రోజుల్లో అందరికీ తెలిసిపోతుంది, ఆ తర్వాత ఏ రాత్రి పదకొండింటికో నాకు "అక్కా, ఒక డౌట్" అని మెసేజ్ వస్తుంది. రోస్టర్ వేసేది నేనే కాబట్టి ఈ డౌట్లన్నీ నా దగ్గరికే చేరతాయి, మనుషులు మారినా ప్రశ్నలు మాత్రం మారవు. అందుకే ఒక చోట రాసి పెడుతున్నాను. మొదటినుంచి చదవక్కర్లేదు, మీకు కావాల్సింది వెతుక్కుని చదవండి.

## కబురొచ్చిన రోజుల్లో

ఇవాళ రాత్రి షిఫ్ట్ ఉంది, పొద్దున్నే ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఎవరికి, ఏమని చెప్పాలి?

షిఫ్ట్ లీడ్‌కి ఒక్క మెసేజ్ చాలు. "మా నాన్నగారు పోయారు, ఊరెళ్తున్నాను, నా షిఫ్టులు వేరేవాళ్ళకి ఇవ్వండి." సారీలు, ఎప్పుడొస్తానో అంచనాలు, "ఎవరూ దొరక్కపోతే నేనే చూసుకుంటాను" లాంటి మాటలు ఏవీ వద్దు. ఆ చివరి మాట మాత్రం మనవాళ్ళు తప్పకుండా రాస్తారు, మారతహళ్ళిలో బ్యాగు పట్టుకుని బస్సు కోసం నిలబడి మరీ రాస్తారు. ఒక్క విషయం మాత్రం మర్చిపోకుండా చెప్పాలి. ఎవరికైనా మళ్ళీ ఫోన్ చేస్తానని మాటిచ్చి ఉంటే, ఆ కాల్ వివరం, ఏ రోజు ఏ టైముకి అన్నారో, ప్రమాదం ఎంతవరకు ఉందనిపించిందో లీడ్‌కి అప్పజెప్పండి. అవతల మనిషి ఆ ఫోన్ కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. అది అప్పజెప్పాక పని గ్రూపులన్నీ మ్యూట్ చేసి బస్సెక్కండి.

పన్నెండు రోజులూ ఊళ్ళో ఉండాలా? అన్ని సెలవులు ఎవరిస్తారు?

ప్రైవేటు ఉద్యోగంలో ఇంట్లో చావు జరిగితే ఇన్ని రోజులు సెలవు ఇచ్చి తీరాలని మన దేశంలో ప్రత్యేకంగా చట్టమేమీ లేదు. సంస్థ పాలసీలో ఎంతుంటే అంత, మిగతాది మన క్యాజువల్ లీవూ, ఎర్న్‌డ్ లీవూ కలిపి సర్దుకోవాల్సిందే. పాలసీ రాసేవాళ్ళకి మూడు రోజులు చాలనిపిస్తుంది, మనకేమో మూడో రోజుకి చిన్నకర్మే అవుతుంది. ఆ తర్వాత పదో రోజు, పదకొండు, పన్నెండు, మధ్యలో అస్థికలు శ్రీరంగపట్నంలో కలపాలా గోదావరి దాకా తీసుకెళ్ళాలా అని అన్నదమ్ముల చర్చ. క్రైస్తవుల ఇళ్ళల్లో ఆదరణ కూడికలు ఉంటాయి. భర్త పోయిన ముస్లిం స్త్రీకి ఇద్దత్, అంటే దుఃఖం పాటించే గడువు, నాలుగు నెలల పది రోజులు. ఇవేవీ తెలియని హెచ్ఆర్‌కి ముందే వివరంగా మెయిల్ పెడితే చాలాసార్లు ఒప్పుకుంటారు. నా అభిప్రాయం అడిగితే, వీలైతే మొత్తం రోజులు ఉండమనే అంటాను. కర్మల మీద నమ్మకం ఉందా లేదా అన్నది వేరే సంగతి, ఆ రోజుల్లో వంట ఇంకెవరో చేస్తారు, పలకరించడానికి మనుషులు వస్తూనే ఉంటారు, పోయిన మనిషి గురించి ఒకే కథని పదిమందికి పదిసార్లు చెప్పుకునే వీలు దొరుకుతుంది. బెంగళూరులో తిరిగొచ్చాక అది దొరకదు. ఊళ్ళో ఖాళీగానే ఉన్నాను కదా, ల్యాప్‌టాప్ తెరిచి రెండు చాట్లు చూస్తాను అని మాత్రం అనకండి.

నాకు ఏడుపే రావట్లేదు. రోజూ ఇవే విని విని గుండె మొద్దుబారిపోయిందా?

అలా అనుకోనక్కర్లేదు. ఈ పనిలో ఉన్నవాళ్ళకి ఒక అలవాటు పడిపోతుంది, ఎదురుగా ఏదైనా కూలితే ముందు గొంతు నెమ్మదిస్తుంది, ఎవరు ఎక్కడున్నారు, ఎవరికి ఏం కావాలి అని బుర్ర లెక్క వేయడం మొదలుపెడుతుంది. అందుకే శవం ఇంట్లో ఉండగానే అంబులెన్సు డబ్బులు, డెత్ సర్టిఫికెట్, అమ్మ బీపీ మాత్రలు అన్నీ మీరే చూసుకుని ఉంటారు. ఏడుపు తర్వాత రావచ్చు. అసలు సంబంధంలేని చోట, ఏ సూపర్ మార్కెట్‌లోనో ఆయన తాగే కాఫీ పొడి ప్యాకెట్ కనిపించినప్పుడో రావచ్చు. కొందరికి ఏడుపుగా కాక నిద్రలేమిగా, కడుపు మంటగా, చిరాకుగా వస్తుంది. ఏడవని వాళ్ళకి ప్రేమ లేదనే పెద్దమ్మలు ప్రతి ఇంట్లో ఒకరుంటారు, వాళ్ళ మాట పట్టించుకోకండి.

## తిరిగి వచ్చే ముందు

ఎన్నాళ్ళకి మళ్ళీ కాల్స్ తీసుకోవచ్చు?

దీనికి అందరికీ సరిపోయే లెక్క లేదు. కొత్తగా చేరేవాళ్ళని మాత్రం, దగ్గరివాళ్ళు ఈ మధ్యే పోయి ఉంటే, కొన్నాళ్ళు ఆగి రమ్మని చాలా చోట్ల చెప్తారు. ఇప్పటికే పని చేస్తున్నవాళ్ళ విషయంలో నేను చూసేది రోజుల లెక్క కాదు. జరిగినదాన్ని ఒకరికి మొదటినుంచి చివరిదాకా చెప్పగలుగుతున్నారా, చెప్పాక మామూలు పనిలో పడగలుగుతున్నారా, రాత్రి కాస్తయినా నిద్ర పడుతోందా, ఇంకొకరి బాధ ఇరవై నిమిషాలు వింటూ ఉంటే మనసు మీ ఇంటివైపు పరుగెత్తిందా లేదా. ఈ చివరిది ఇంట్లో కూర్చుని తెలుసుకోవడం కష్టం. అందుకే నేను నేరుగా లైన్ మీద కూర్చోబెట్టను. ముందు ఒక షిఫ్ట్ వేరేవాళ్ళ పక్కన కూర్చుని వినమంటాను, తర్వాత రోల్ ప్లే, అందులో కావాలనే తండ్రి పోయిన కాలర్‌గా నేనే మాట్లాడతాను. కొంచెం కర్కశంగా ఉంటుంది, నిజమే. అదేదో మా గదిలో, మా ముందు జరగడమే మేలు కదా. ఆ తర్వాత పగటి షిఫ్ట్, సగం టైము, పక్కన సీనియర్. రాత్రి షిఫ్టులు అన్నిటికంటే చివర.

ఇంట్లో ఉంటే పిచ్చెక్కుతోంది, షిఫ్ట్‌లో ఉంటేనే ప్రాణం కుదుటపడుతోంది. వచ్చెయ్యనా?

నాకు అందరికంటే ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే, జవాబు చెప్పడానికి కష్టమైనదీ ఇదే. పనిలో పడితే బాధ కాసేపు పక్కకి జరగడం తప్పేమీ కాదు. 1999లో మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని ఒక నమూనాగా చెప్పారు. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవాళ్ళ వైపు, కాసేపు మిగిలిన బతుకు వైపు, ఇటూ అటూ ఊగుతూ ఉంటాడని, ఆ ఊగడమే ఆరోగ్యమని. బ్యాంకు పనులు, పిల్లల స్కూలు, ఉద్యోగం ఇవన్నీ ఆ రెండో వైపుకి చెందినవి. చిక్కెక్కడంటే మన ఉద్యోగం పూర్తిగా ఆ రెండో వైపుది కాదు. బయటివాళ్ళకి ఆఫీసు అంటే ఎక్సెల్ షీట్, మనకి ఆఫీసు అంటే ఇంకొకరింట్లో చావు. ఇంటి దుఃఖం తప్పించుకోవడానికి వచ్చి గంటకో దుఃఖం వింటుంటే, బయటికి విశ్రాంతిలా కనిపిస్తుంది గానీ లోపల రెండూ ఒకే ఖాతాలో పడుతుంటాయి. కాబట్టి వచ్చెయ్యండి, కానీ లైన్ మీదకి కాదు. రిజిస్టర్లు సరిచేయడం, రిఫరల్ లిస్టులో ఏ నంబర్లు పనిచేస్తున్నాయో ఫోన్ చేసి చూడడం, ట్రైనింగ్ కాగితాలు తెలుగులోకి దించడం, ఇలాంటి పని ఎప్పుడూ పేరుకుపోయే ఉంటుంది. మనుషుల మధ్య ఉంటారు, టీ టైముకి నలుగురు పలకరిస్తారు. ఇంకో మాట, ఎక్స్‌ట్రా షిఫ్టులు అడిగి మరీ తీసుకుంటున్నారంటే నాకు అనుమానం వస్తుంది. అలా అడిగిన మనిషి షిఫ్టులు తగ్గిస్తాను. తిట్టుకున్నా సరే.

టీమ్‌లో అందరికీ చెప్పాలా?

అందరికీ అక్కర్లేదు. లీడ్‌కీ, మీ షిఫ్ట్‌లో పక్క సీట్లో ఉండేవాళ్ళకీ తెలిస్తే చాలు. మిగతావాళ్ళకి ఎవరు చెప్పాలో, ఎంత చెప్పాలో మీరే లీడ్‌కి చెప్పండి, లేకపోతే గ్రూపులో నలభై ఓం శాంతులు చూసుకోవాల్సి వస్తుంది.

## లైన్ మీద ఉండగా

అవతలి మనిషి చెప్పేది అచ్చం నా కథే అయితే?

అవుతుంది, ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. కథ కలవకపోయినా గొంతు కలుస్తుంది. మా తెలుగు లైనుకి అనంతపురం, చిత్తూరు వైపు నుంచి కాల్స్ ఎక్కువ. మా దగ్గర పని చేసే అక్కడి అమ్మాయి ఒకామె, తండ్రి పోయి తిరిగొచ్చాక, పెద్ద వయసు కాలర్ ఒకాయన హెడ్‌సెట్‌లో "ఏమప్పా, వినపడ్తాండాదా" అన్నారట. ఆయన బాధ ఏమిటో ఇంకా చెప్పనే లేదు, ఆ ఒక్క పలకరింపుకే ఆమె చేతిలో పెన్ను కింద పడింది. అలాంటప్పుడు పనికొచ్చేవి చాలా చిన్న పనులు. అరికాళ్ళు నేలకి గట్టిగా ఆనించండి, గుక్కెడు చల్లటి నీళ్ళు తాగండి, కాలర్ వయసు, ఊరు, వాళ్ళన్న ఒక్క మాట ఉన్నదున్నట్టు కాగితం మీద రాయండి. రాయడం ఎందుకంటే, ఆ కాగితం మీద ఉన్న వివరాలు మీ ఇంటివి కావు. మీ నాన్నకి కిడ్నీ, ఆ కాలర్ భార్యకి పక్షవాతం. కథలు ఒకేలా ఉన్నాయనిపించేది మొదటి రెండు నిమిషాలే, జాగ్రత్తగా వింటే వేరైపోతాయి. "నాకు తెలుసు" అనిపించిన ప్రతి చోటా ఒక ప్రశ్న అడగండి. మీకు నిజానికి తెలియదు.

"మా నాన్న కూడా ఈ మధ్యే పోయారు" అని కాలర్‌తో చెప్పచ్చా?

చెప్పకండి. మనవాళ్ళ పద్ధతిలో ఓదార్పు అంటేనే మన కష్టం కూడా చెప్పుకోవడం, పలకరించడానికి వెళ్ళిన ప్రతివాళ్ళూ అదే చేస్తారు, కాబట్టి నోటి చివరిదాకా వస్తుంది. కానీ ఆ మాట అనగానే కాలర్ "అయ్యో, మీకూనా, ఎలా జరిగిందమ్మా" అంటారు, అక్కడినుంచి మిమ్మల్ని ఓదార్చే పని వాళ్ళ మీద పడుతుంది. చావుకి దగ్గరగా నిలబడి ఫోన్ చేసిన మనిషి కూడా మర్యాదకి ఆ పని చేస్తారు, అదే భయం. వాళ్ళే "మీకేం తెలుసు మా బాధ" అని నిలదీస్తే, "మీ బాధ మీరు చెప్తేనే నాకు తెలుస్తుంది, చెప్పండి" అంటే సరిపోతుంది.

కాల్ మధ్యలో గొంతు పూడుకుపోయింది. పెట్టేస్తే వాళ్ళేమైపోతారో అని భయం.

పెట్టేయకూడదు, బిగబట్టుకుని కొనసాగించనూ కూడదు. చెయ్యి ఎత్తి పక్కవాళ్ళని పిలవండి. కాలర్‌తో "మీరు చెప్పేది ముఖ్యమైన విషయం, దీని గురించి మీతో మాట్లాడడానికి మా సీనియర్‌ని కలుపుతాను, ఆవిడ వచ్చేదాకా నేను లైన్లోనే ఉంటాను" అనండి, కలిపాక తప్పుకోండి. ప్రాణాపాయం ఉన్న కాల్ అయితే అప్పటిదాకా తెలిసినవన్నీ, ముఖ్యంగా మనిషి ఎక్కడున్నాడో, పక్కన ఎవరైనా ఉన్నారో లేదో, కాగితం మీద రాసి సీనియర్ ముందు పెట్టండి. గొంతు కాస్త వణికినంతమాత్రాన కాలర్‌కి నష్టమేమీ లేదు, చాలామంది దాన్ని గమనించరు. ఒంటరిగా ఇంటి నుంచి కాల్స్ తీసుకునేవాళ్ళకి ఈ చెయ్యి ఎత్తే సౌకర్యం లేదు, అందుకే దుఃఖంలో ఉన్నవాళ్ళకి మొదటి నెలల్లో ఇంటి నుంచి పని ఇవ్వకూడదని నేను గట్టిగా వాదిస్తాను.

చిన్న విషయాలకి ఫోన్ చేసేవాళ్ళ మీద కోపం వస్తోంది. నేను చెడ్డదాన్నైపోయానా?

లేదు. తల్లికి కొరివి పెట్టి వచ్చిన మనిషికి, అమ్మ ఫోన్ తీసేసుకుందని ఏడ్చే ఇంటర్ పిల్లాడి బాధ బాధలా వినపడదు. ఆ కోపం రావడం సహజమే. కాకపోతే అది గొంతులోకి వస్తే పిల్లాడు పెట్టేస్తాడు, ఫోన్ వెనక అసలు సంగతి ఏముందో మనకి ఎప్పటికీ తెలియదు. వరసగా రెండు మూడు కాల్స్‌లో ఇలా అనిపిస్తే ఆ షిఫ్ట్ అక్కడితో ఆపేయండి, లీడ్‌తో "చిరాగ్గా ఉంది" అని ఉన్నమాట చెప్పేయండి.

చనిపోవాలనిపిస్తోందా అని అడగడానికి నోరు రావట్లేదు. ఇదివరకు సులభంగా అడిగేదాన్ని.

చావు అనే మాట ఇప్పుడు మీకు బరువెక్కింది, అంతే. కానీ ఆ ప్రశ్న దాటేసి కాల్ ముగించడం కుదరదు. సూటిగా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు, మీకు ఇది ట్రైనింగ్‌లో చెప్పిన మొదటి పాఠమే, చాలామంది కాలర్లకి ఎవరో ఒకరు అడిగారన్నదే పెద్ద ఊరట. నోరు తిరగడానికి కాల్స్ లేనప్పుడు పక్కవాళ్ళతో పైకి అనండి, "చచ్చిపోవాలని అనిపిస్తోందా మీకు?" అని, మామూలు గొంతుతో, పదిసార్లు. అయినా అడగలేకపోతే మీరు ఇంకా లైన్ మీదకి రావాల్సిన టైము కాలేదని అర్థం. దీంట్లో మొహమాటం పనికిరాదు.

## పోయినవాళ్ళు ఆత్మహత్యతో పోయి ఉంటే

ఊళ్ళోవాళ్ళందరికీ ధైర్యం చెప్పేదాన్ని, మా తమ్ముణ్ణి కాపాడుకోలేకపోయాను. ఇక నాకు ఈ పని చేసే అర్హత ఉందా?

హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసే మనిషి సగం దూరం తనే నడిచి వచ్చాడు, మాట్లాడాలని నిర్ణయించుకుని నంబరు నొక్కాడు. మీ తమ్ముడు మీకు ఆ ఫోన్ చేయలేదు. పండక్కి వచ్చినప్పుడు మీతో నవ్వుతూ మాట్లాడాడు, ఎందుకంటే మీరు అక్క, కౌన్సెలర్ కాదు, మీకు తెలియకూడదనే దాచి ఉంటాడు. ఆ తర్వాత మీరు మెసేజీలన్నీ వెనక్కి తిప్పి చదువుతూ ఇదిగో ఇక్కడ గుర్తు ఉంది, ఇక్కడ ఉంది అని వెతుకుతారు. ఫలితం తెలిశాక వెతికితే ప్రతి మాటా గుర్తులాగే కనిపిస్తుంది. మనకి ట్రైనింగ్ ఉంది కాబట్టి మామూలువాళ్ళకంటే ఎక్కువ గుర్తులు దొరుకుతాయి, ఎక్కువ శిక్ష వేసుకుంటాం. ఈ బరువుతో ఒంటరిగా ఉండకండి. ఆత్మహత్యలో సొంతవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళకి ఆత్మహత్య ఆలోచనలు రావడం మిగతావాళ్ళకంటే ఎక్కువ, అది మనకీ వర్తిస్తుంది, మన ఐడీ కార్డు చూసి ఆగిపోదు. అర్హత సంగతి ఇప్పుడు తేల్చకండి. ఈ సమయంలో లైన్ మీదకి రాకుండా ఉండడం, మీకంటూ ఒక థెరపిస్టు ఉండడం, ఈ రెండు విషయాల్లో మాత్రం నేను బేరమాడను.

పోలీసులు, పోస్ట్‌మార్టం... ఇంట్లోవాళ్ళ మీద కేసు పెడతారేమోనని అమ్మ వణికిపోతోంది.

అసహజ మరణం అయితే పోలీసులు విచారణ జరపడం, మృతదేహాన్ని పోస్ట్‌మార్టానికి పంపడం మామూలు విధానమే. 2024 జులై 1 నుంచి అది కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహిత, 194వ సెక్షన్ కింద జరుగుతోంది, అంతకుముందు పాత చట్టం సీఆర్‌పీసీ 174 కింద జరిగేది. వాళ్ళు వచ్చినంతమాత్రాన ఎవరినో అనుమానిస్తున్నట్టు కాదు. స్టేట్‌మెంట్ ఇచ్చేటప్పుడు అమ్మ పక్కన మీరే కాకుండా ఇంకో పెద్ద మనిషిని కూడా ఉంచుకోండి, ఆ రోజు మీరూ కొడుకు పోయిన ఇంటి మనిషే.

## నెలలు గడిచాక

ఇంట్లో అందరూ "నీకివన్నీ తెలుసు కదా, అమ్మకి నువ్వే చెప్పు" అంటున్నారు.

బయట చేసే పని ఇంట్లో కూడా ఉచితంగా చేయమనడం ఇది. అమ్మకి కావాల్సింది కౌన్సెలర్ కాదు, తనతో కలిసి ఏడ్చే పిల్ల. అన్నయ్యతో గట్టిగా చెప్పండి, "ఈ వారం అమ్మ దగ్గర నువ్వు పడుకో, నేను వచ్చే వారం వస్తాను" అని. అవును, కాదు అని తేల్చలేని, మనం కాలర్లని అడిగే ఓపెన్ ఎండెడ్ ప్రశ్నలు వేయడం మొదలుపెడితే అమ్మ కూడా కనిపెడుతుంది, "నా దగ్గర నీ ఆఫీసు మాటలు మాట్లాడకు" అంటుంది. అన్నప్పుడు బాధపడకండి, నిజమే అంటోంది.

దుఃఖానికి ఐదు దశలు (ఒప్పుకోకపోవడం, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోవడం) అంటారు కదా. నేను కోపంలోనే ఇరుక్కుపోయాను, ముందుకెలా వెళ్ళాలి?

ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్ అనే సైకియాట్రిస్టు 1969లో ఆ ఐదు దశలు చెప్పింది ప్రధానంగా చావుకి దగ్గరైన రోగుల గురించి, వాళ్ళతో మాట్లాడి. సొంతవాళ్ళు పోయినవాళ్ళకి దాన్ని అంటించింది తర్వాతి కాలం. అందరూ వరసగా ఆ మెట్లెక్కుతారనడానికి ఆధారం లేదు. మీరు ఎక్కడా ఇరుక్కోలేదు, కోపంగా ఉన్నారు. ఎవరి మీదో చెప్పగలిగితే మంచిది, స్కాన్ ఆలస్యం చేసిన ఆసుపత్రి మీదా, సిగరెట్ మానని నాన్న మీదా. పోయినవాళ్ళ మీద కోపం తెచ్చుకోకూడదని మనింట్లో నేర్పిస్తారు కాబట్టి అది తిరిగి తిరిగి భర్త మీద, రోస్టర్ మీద పడుతుంది.

చాలా నెలలైంది, ఇంకా తగ్గలేదు. ఇది జబ్బేనా?

దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అని ఒకటి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 ప్రకారం కనీసం ఆరు నెలలు దాటాలి, 2022లో వచ్చిన అమెరికా సైకియాట్రిస్టుల మానసిక రుగ్మతల పుస్తకం డీఎస్ఎం-5-టీఆర్ ప్రకారం పెద్దవాళ్ళకైతే ఏడాది. నెలలు దాటడం ఒక్కటే చాలదు, పోయిన మనిషి కోసం తపన, ఆ ఆలోచనలే దాదాపు రోజూ ఉండి, వాటివల్ల వంట, ఉద్యోగం, పిల్లలు ఏదీ నడవని స్థితి ఉండాలి, అదీ మీ సంప్రదాయంలో మామూలుగా ఉండేదానికంటే మించి. ఏడాది తర్వాత కూడా దీపావళికి కళ్ళు తడవడం జబ్బు కాదు. నిర్ణయించాల్సింది మాత్రం సైకియాట్రిస్టో క్లినికల్ సైకాలజిస్టో, మీరు కాదు. మనకి లక్షణాల పట్టికలు నోటికొచ్చు, కాబట్టి మనమే టిక్కులు పెట్టుకుని మనమే కొట్టేసుకుంటాం. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నా, నిద్రకోసం మద్యం తాగడం మొదలైనా నెలల లెక్క చూడకుండా వెళ్ళండి.

సాయం కావాలి, కానీ ఫోన్ చేస్తే తెలిసినవాళ్ళే ఎత్తుతారేమో!

తెలుగు లైన్లలో ఈ భయం నిజమే, ఉన్నదే కొద్దిమందిమి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగు ఎంచుకోవచ్చు, ఉచితం, రోజంతా ఉంటుంది. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దానికి మూలకేంద్రం. అక్కడా తెలిసిన గొంతు వినిపిస్తే "మీతో కాదు, ఇంకొకరితో మాట్లాడతాను" అనే హక్కు కాలర్‌గా మీకుంది. మొహం చూపించి మాట్లాడాలనుకుంటే బీటీఎం లేఅవుట్‌లో నిమ్హాన్స్ వాళ్ళ వెల్ బీయింగ్ సెంటర్ ఉంది, అర్ధరాత్రి పరిస్థితి చేయి దాటితే హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ ఎమర్జెన్సీ తెరిచే ఉంటుంది. మీ సూపర్‌వైజర్ మీ థెరపిస్టు కాదు, కాకూడదు కూడా. రేపు మీ షిఫ్ట్ తగ్గించాల్సిన మనిషి దగ్గర ఎవరూ అన్నీ చెప్పుకోరు.

సంవత్సరీకం వస్తోంది. ఆ రోజు షిఫ్ట్ పెట్టుకోవచ్చా?

ఆ రోజు ఎటూ ఊళ్ళో ఉంటారు, షిఫ్ట్ ప్రశ్నే రాదు. ఇబ్బంది పెట్టేది అసలు తేదీ పడే రోజు. సంవత్సరీకం తిథి ప్రకారం చేస్తాం, అది క్యాలెండరు తేదీకి ముందో వెనకో పడుతుంది, కొన్నిసార్లు వారాల తేడాతో. తద్దినం పెట్టి, భోజనాలు పెట్టి, అంతా అయిపోయిందనుకుని బెంగళూరు వచ్చి లైన్ మీద కూర్చుంటారు, తీరా చూస్తే ఆ రోజే ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చిన తేదీ. ఫోన్ ఫోటోల యాప్ "ఏడాది క్రితం ఇదే రోజు" అని ఆయన మంచం ఫోటో చూపిస్తుంది. యాప్‌లో ఆ తేదీల జ్ఞాపకాలు రాకుండా ముందే సెట్టింగ్ మార్చుకోండి. రోస్టర్ వేసేవాళ్ళకి తిథి పడే రోజు, అసలు తేదీ రెండూ ముందు నెలలోనే ఇవ్వండి, కారణం రాయక్కర్లేదు.